చలి విడిచిన కాపలా

అరకు కాఫీతోటలోనికి ఆఫ్రికా పురుగొకటి ప్రవేశించినది. దాని రాకకు తలుపు తీసినవారెవరు? వచ్చిన పిమ్మట దానికి వసతి కల్పించినదేది?

2025 ఆగస్టు మాసమున, వానలు కొండలను తడిపి, కాఫీకాయలు ఇంకను పచ్చివై లోపలి గింజ గట్టిపడు తరుణమున, అరకులోయ మండలము చినలబుడు పంచాయతీ పరిసరములలోని తోటలయందు కొన్ని కాయల కొనను, అనగా పూవు రాలినచోట మిగులు బొడ్డు నడుమ, సూదితో పొడిచినట్లున్న చిన్న రంధ్రములు కానవచ్చినవి. కాయను చీల్చి చూడగా గింజలో ఒకటిన్నర మిల్లీమీటరు పొడవైన నల్లని పెంకుపురుగును, దాని తెల్లని పిల్లపురుగులును బయటపడినవి. శాస్త్రజ్ఞులు దానికుంచిన పేరు హైపోథెనెమస్ హాంపీ. తోటలవారి నోట అది బెర్రీ బోరర్, లేదా కాయతొలుచు పురుగు. ఆంధ్రదేశపు కాఫీలో అది పట్టుబడుట అదియే మొదటిసారి. అధికారులును శాస్త్రజ్ఞులును కొండలెక్కి, పురుగు పట్టిన తోటలలో పచ్చివి పండినవి అను భేదము లేక కాయలను దూయించి, మరుగునీట ముంచి, గోతులలో పూడ్పించిరి. పరిహారమిచ్చెదమని ప్రభుత్వము ప్రకటించినది. ఏడాదికొక్కమారు చేతికందు పంటను చేతులారా పాతిపెట్టిన కుటుంబమునకు ఆ ప్రకటన ఎంతమేర ఊరట కలిగించెనో ఊహించుట కష్టము కాదు.

విశాఖపట్టణమున ఓడల కూతల నడుమ, ఉక్కు కర్మాగారపు పొగగొట్టములను నిత్యము చూచుచు జీవించు పాఠకునకు ఇది కొండమీది వార్తగా, పరుల కష్టముగా తోచవచ్చును. కాని ఆ కొండలు 2022 ఏప్రిల్ 4వ తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడువరకు విశాఖ జిల్లాలోనివే. అక్కడి కాఫీని, చింతపండును, తేనెను కొను గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టి, నేటికిని ఈ నగరముననే తన ప్రధాన కార్యాలయము నుంచుకొన్నది. అన్నింటికన్న ముఖ్యమైన బంధము నీటిది. అనంతగిరి కొండలలో పుట్టి బొర్రా గుహలను తొలుచుకొని దిగు గోస్తనీనది తాటిపూడి జలాశయమును నింపుచున్నది. ఆ కొండలలోనే జన్మించు శారదానది రైవాడ జలాశయమును నింపుచున్నది. ఈ రెండు జలాశయముల నీటిని నగరము త్రాగుచున్నది. కొండమీద నీడ పలుచబడినచో ఆ ఫలితము కొంత కాలమునకైనను మన కుళాయిలోనికి దిగక మానదు.

ఇచట నీడకును కాఫీకిని గల సంబంధమును కొంచెము వివరింపవలసియున్నది. కర్ణాటకలోని దొరతనపు ఎస్టేట్ల వంటివి కావు మన్యపు తోటలు. ఒక్కొక్క కుటుంబమునకు ఎకరమో రెండెకరములో. సిల్వర్ ఓక్ చెట్ల క్రింద, పనసల క్రింద, పాత అడవిలో మిగిలిన మహావృక్షముల క్రింద అరాబికా మొక్కలు, చెట్టు మ్రానునకు అల్లుకొన్న మిరియపు తీగ. రెండు లక్షలకు పైబడిన గిరిజన రైతులు, రెండు లక్షల ఎకరములకు మించిన విస్తీర్ణమున, ఇట్లు సాగు చేయుచున్నారు. 2019లో 'అరకు వ్యాలీ అరాబికా' భౌగోళిక గుర్తింపు పొందినది. పోడు కొట్టి, కాల్చి, రెండు మూడు పంటలు తీసి విడిచిపెట్టు వాలులలో కాఫీ వచ్చిన తరువాతనే చెట్టును నిలిపియుంచుటయందు రైతునకు లాభము కనబడినది. కనుక కాఫీ గిట్టుబాటు కానినాడు మొదట గొడ్డలిదెబ్బ పడునది కాఫీమొక్కమీద కాదు, దానిపైనున్న నీడచెట్టుమీద. కాయను తొలుచు పురుగును అడవి పురుగుగా ఈ వ్యాసమున పరిగణించుటకు కారణమిదియే.

ఆ పురుగు చరిత్రము విచిత్రమైనది. మధ్యాఫ్రికా అడవులలో పుట్టిన దానికి 1867లో ఫెరారీ అను శాస్త్రజ్ఞుడు నామకరణము చేసినది తోటలో చూచి కాదు, ఐరోపాకు వర్తకులు తెచ్చిన గింజలలో చూచి. తోటలో దాని ఉనికి లిఖితమగుటకు 1901 వఱకు వేచియుండవలసివచ్చినది. అదియు గాబన్ దేశమున. అనగా మానవుడు దీనిని అడవిలో గుర్తించుటకు మూడు దశాబ్దములకు ముందే సరకులో గుర్తించినాడన్నమాట! అటుపిమ్మట బ్రెజిల్, 1988లో కొలంబియా, 1990లో నీలగిరులలోని గూడలూరు, 2010లో హవాయి దీవులు. ఆడపురుగు కాయ కొనను తొలిచి, గింజలోనికి చేరి, అచటనే గ్రుడ్లు పెట్టును. పుట్టినవారిలో ఆడవి అధికము, మగవి మిక్కిలి తక్కువ. మగవానికి ఎగురు శక్తియే లేదు. తోబుట్టువులతోడనే జతకూడి, గర్భము ధరించిన ఆడవి మాత్రమే వెలికివచ్చి మఱియొక కాయను వెదకికొనును. కాబట్టి ఒక్క కాయ, ఒక్క సంచి అడుగున మిగిలిన ఒక్క గింజ, ఒక కొత్త లోయను ఆక్రమించుటకు చాలును. మందు చల్లిన ప్రయోజనము స్వల్పము. పురుగు బ్రదుకు చాలవఱకు గింజ లోపలనే గడచుచుండగా మందు పైతొక్కను తడిపి జారిపోవును. కాఫీలోని కెఫీన్ అనేక కీటకములకు విషము. దీని కడుపులో నివసించు సూక్ష్మజీవులు ఆ విషమును విఱిచివేయుచున్నవని 2015లో పరిశోధకులు వెల్లడించిరి. ఆ లెక్కన మూడుపూటలును, రాత్రింబవళ్ళును కాఫీయే సేవించుచు నిద్ర చెడని ప్రాణి లోకమున ఇదియొక్కటియే కాబోలు. మన ఊరి కాఫీహోటళ్ళ ఆస్థాన సభ్యులకు సైతము ఈ భాగ్యము లేదు.

గూడలూరునుండి అరకునకు చేరుటకు దానికి ముప్పదియైదేండ్లు పట్టినది. ఎట్లు వచ్చినదో విచారించుటకు ముందు, విశాఖకు పరదేశపు పురుగు ఇదే మొదటిది కాదని గుర్తుచేయవలెను. మనము పచ్చదనమని మురియు చెట్లలో ఎన్ని పరదేశమువి! తీరమున ఇసుకను పట్టి నిలుపు సరుగుడు, కాగితపు మిల్లులకై పెంచు జామాయిల్, నీడనిచ్చు సిల్వర్ ఓక్ తూర్పున సముద్రములకావలనుండి వచ్చినవి. సుబాబుల్ మధ్య అమెరికాది. వీధులలో ఎఱ్ఱగా పూయు తురాయి మడగాస్కరుది. కాఫీ ఇథియోపియా దేశపుది. ఈ చెట్లు మన గడ్డపై ఏపుగా పెరుగుటకు నేలబలముతోపాటు వేఱొక కారణము గలదు. తమను తిను పురుగులను పుట్టినచోటనే విడిచివచ్చినవి. కాని కాపురమునకు వచ్చిన కోడలి వెంట పుట్టింటివారు ఆనాడే రాకున్నను, దారి తెలిసికొని ఏనాటికైనను గుమ్మము ముందు నిలువకపోరు.

సుబాబుల్ విషయమున ఆ రాక అతివేగముగా జరిగినది. మధ్య అమెరికాకు చెందిన హెటెరోప్సిల్లా క్యుబానా అను చిన్న రసముపీల్చు పురుగు 1984లో హవాయిలో, ఆ వెనుక ఫిలిప్పీన్స్, ఇండోనీసియాలలో కనిపించి, 1988 నాటికి తమిళదేశమున దిగినది. ఎండుభూములకు కల్పవృక్షమని ప్రభుత్వములు ప్రచారము చేసిన చెట్టు చిగురుటాకులు ముడుచుకొని నిలిచినది. జామాయిల్‌ను పట్టినది కంతులు పెట్టు ఒక చిన్న కందిరీగ, లెప్టోసైబ్ ఇన్వేసా. మిల్లీమీటరుకన్న కొంచెమే పొడవైన ఆ జీవి ఆకుకాడలలోను నడిమి ఈనెలలోను గ్రుడ్లు పెట్టగా, అచట ఉబ్బి కంతులు లేచి, మొక్క పెరుగుట మానును. 2001లో కర్ణాటకమున మండ్య ప్రాంతమున బయటపడి, కొలది యేండ్లలో దక్షిణాపథమంతటను వ్యాపించి, మన రాష్ట్రపు నారుమళ్ళను సైతము విడువలేదు. ఒకే తల్లిచెట్టు కొమ్మలనుండి లక్షలుగా తీసిన క్లోన్ మొక్కలు ఒకదానివలె మఱియొకటి యుండుటచే, ఒకదానిని జయించిన పురుగునకు అన్నియు లొంగినవి. అధిక దిగుబడికై మనము కోరి తెచ్చుకొన్న ఏకరూపత శత్రువునకు రాచబాట యైనది. ఈ దోషము పురుగుది కాదు.

ఇటీవలి కథ కొబ్బరిది. మధ్య అమెరికాలోని బెలీజ్ నుండి సేకరించిన నమూనాలతో 2004లో శాస్త్రలోకమునకు పరిచితమైన రుగోస్ తెల్లదోమ 2016లో పొల్లాచి కొబ్బరితోటలలో కనిపించి, ఆ యేటి చివరకే గోదావరీతీరమున కడియపులంక నర్సరీలకు చేరినది. కడియము మొక్కలు లారీలకెక్కి దేశము నలుమూలలకు పోవునని తెలిసినవారికి ఆ తరువాతి కథ చెప్పనక్కఱలేదు. ఆకు అడుగున వలయములుగా గ్రుడ్లు పెట్టి, తెల్లని మైనపు పొడి కప్పుకొని, రసము పీల్చి తేనెవంటి బంకను విసర్జించును. ఆ బంకపై మసి తెగులు అలముకొనగా కొబ్బరిమట్టలు బొగ్గుపొడి చల్లినట్లు నల్లబడును. విశాఖలో ఇట్టి కొబ్బరిచెట్లను చూచి, రేవునుండి ఎగిరివచ్చిన బొగ్గుధూళియే అని నిందించినవారిని ఎఱుగుదును. రేవుపై గల న్యాయమైన ఫిర్యాదులు వేఱు, ఈ మసి వేఱు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళపు ఉద్దానములో కొబ్బరిని కూలద్రోయగా, మిగిలిన చెట్లు కోలుకొనకమునుపే ఈ తెల్లదోమ వాని పైబడినది. దెబ్బతిన్న చెట్టునకు పురుగును తట్టుకొను శక్తి తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకి, కంబాలకొండనుండి బీచిరోడ్డువఱకు చెట్లను నేలగూల్చిననాడు మనము పడిపోయినవానినే లెక్కించితిమి. నిలిచి గాయపడినవానిని ఎవ్వరును లెక్కింపలేదు.

ఇక తలుపుల సంగతి. 1933లో ప్రారంభమైన విశాఖ రేవునందు మొక్కలను, విత్తనములను, కలపను పరీక్షించు సస్యరక్షణ దిగ్బంధ కేంద్రము గలదు. దానికి మూలమైన కీటక చట్టము 1914 నాటిది. దిగుమతుల నియమావళి 2003 నాటిది. వచ్చు సరకు ఉక్కుయంత్రమే అయినను, దానిని మోయు కొయ్యపెట్టెలోను, అడుగుచట్రములోను పురుగు దాగియుండవచ్చును. కనుకనే అంతర్జాతీయ నియమము ఆ కొయ్యను నడిగర్భము 56 డిగ్రీల వేడిమికి వచ్చి, ముప్పది నిమిషములు అట్లే యుండునట్లు వేడిచేసి, ముద్రవేసి పంపవలెనని శాసించుచున్నది. ఈ నియమ మెందులకో తెలియవలెనన్న అమెరికాలోని డెట్రాయిట్ నగరమును చూడవలెను. తూర్పు ఆసియానుండి కొయ్యపెట్టెలలో వచ్చెనని భావింపబడు ఒక పచ్చని పెంకుపురుగు 2002లో అచట బయటపడి, అప్పటినుండి యాష్ వృక్షములను కోట్లకొలది పొట్టనబెట్టుకొన్నది. వేడికి బదులు మిథైల్ బ్రోమైడ్ పొగయు వాడుదురు. ఓజోను పొరను చెఱచు నాయనిలమును లోకమంతయు మానుకొనుచు, దిగ్బంధమునకు మాత్రము మినహాయింపు నిచ్చినది. ఒక ఆపదను వారించుటకు మఱియొక దానిని కొంచెము సహింపక తప్పలేదు కాబోలు.

ఐనను సముద్రద్వారమునందు ఎంత కాపలా యున్నను అరకు పురుగు విషయమున అది అక్కఱకు రాలేదు. ఏలయన ముప్పదియైదేండ్లుగా ఆ శత్రువు దేశములోపలనే యున్నది. బైలదిల్లా ఇనుపరాయిని జపాను ఓడలకు చేర్చుటకై 1960ల దశకమున వేసిన కిరండోల్ రైలుమార్గము, ఆ వెనుక ఘాటురోడ్డు, ఆదివారపు పర్యాటకుల కార్లు, కూలీల రాకపోకలు, వ్యాపారుల గోనెసంచులు, నర్సరీల మొక్కలు, ఇవన్నియు తలుపులే. 1914 చట్టము క్రింద దేశములోపల ఒక ప్రాంతమునుండి వేఱొక ప్రాంతమునకు పోనీయరాదని నిషేధించిన కొలది చీడల జాబితాలో ఈ కాఫీ పురుగు పేరు గలదు. శాసనమున గలదు, కాని కొడగునుండి గాని నీలగిరులనుండి గాని బయలుదేరిన సంచిని అరకు చేరులోపల విప్పిచూచువాడు లేడు. వాడిన గోనెలను మరల వాడవద్దన్న చిన్న కట్టడి సైతము సంతలలో పట్టించుకొనువారు అరుదు.

వచ్చినది నిలుచుటకు వసతి కావలెను. ఇందు వాతావరణపు పాత్ర గలదు. కీటకమునకు సొంత వేడిమి లేదు. చుట్టునున్న గాలి వేడిమియే దాని వేడిమి. ఈ కాయతొలుచు పురుగు సుమారు 15 డిగ్రీల దిగువను పెరుగలేదు, 32 డిగ్రీల ఎగువను నిలువలేదు. 20కిని 30కిని నడుమ అది వర్ధిల్లును. కాఫీకి జన్మభూమియైన ఇథియోపియాలోని జిమ్మా ప్రాంతమున, 1984కు పూర్వము చలిచే ఈ పురుగు ఏడాదికొక తరమైనను పూర్తిచేయజాలని స్థితి యుండెననియు, ఆ తరువాత వేడిమి పెరిగి ఏటేట ఒకటి రెండు తరములకు వీలు కలిగెననియు 2009లో ప్రచురింపబడిన ఒక పరిశోధన గణించినది. ఉత్తరమున, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, దేశవాళీ పెంకుపురుగే అయిన పైన్ పురుగు, సున్నకు దిగువ నలువది డిగ్రీల తీవ్రశీతము వచ్చుట తగ్గినపిమ్మట, కోటి ఎనుబది లక్షల హెక్టార్ల అడవిపై విరుచుకొనిపడినది. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డిపై మంచు పేరుకొనుట చూడ పర్యాటకులు బారులు తీరుదురు. ఆ చలి చూడ్కికి వేడుక మాత్రమే కాదు, పురుగునకు పెరుగుదల నాపు కాపలా. పుష్యమాఘములలో వారములకొలది అది కాచిన కాపలాకు మనము కూలి ఇచ్చి యెఱుగము. రాత్రులు వేడెక్కుచున్నకొలది ఆ కాపలాదారు కొలువు మానుకొనుచున్నాడు.

వానల తీరు మాఱుట వేడికన్న ఎక్కువ కీడు చేయునేమో. వేసవి తొలివానకు కాఫీ ఒక్కమారుగా పూచి, ఒక్కమారుగా పండినచో, కోత ముగిసిన పిమ్మట కొన్ని నెలలు చెట్టున కాయ లేక పురుగు ఆకలితో నశించును. అకాలపు జల్లులు పడి మూడు నాలుగు మారులు పూచినచో, ఏడాది పొడవున ఏదో ఒక వయసు కాయ కొమ్మకు వ్రేలాడుచునే యుండును. పురుగునకు ఉపవాసపు నెలలు తొలగిపోవును. వేడిని తప్పించుకొనుటకు కాఫీని పైకి తీసికొనిపోవుద మన్న, తూర్పుకనుమలలో ఇచట శిఖరము 1680 మీటర్లతో సరి. ఆండీస్ పర్వతములందువలె ఎక్కుచు పోవుటకు మెట్లు లేవు.

ఇట్లని నేరమంతయు ఎండమీద మోపుట నాకు సమ్మతము కాదు. అరకునకు పురుగును తెచ్చినది వేడిగాలి కాదు, ఏదో ఒక వాహనము. వాతావరణము మాఱినదని చెప్పి చేతులు దులుపుకొను అధికారభాష యొకటి ఈ మధ్య అలవాటగుచున్నది. ప్రపంచమునందరికిని చెందిన దోషము ఎవరికిని చెందని దోషమగుచున్నది. మఱియొక వంక, సహజశత్రువును తెచ్చి విడిచిన సమస్య తీరునను ఆశయు పూర్తిగా నమ్మదగినది కాదు. అది కొన్నిమార్లు అద్భుతముగా ఫలించినమాట నిజము. 1928లో నీలగిరులలో తుమ్మజాతి చెట్లను పట్టిన ఆస్ట్రేలియా పొలుసు పురుగును, దాని జన్మభూమికే చెందిన ఒక ఎఱ్ఱని అక్షింతల పురుగును తెచ్చి విడిచి అణచిరి. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరున దిగి టేకును, మల్బరీని సైతము పట్టగా, 2010లో ప్యూర్టోరికోనుండి తెప్పించిన చిన్న కందిరీగ రెండేండ్లలో దానిని లొంగదీసినది. కొబ్బరి తెల్లదోమను ఎన్‌కార్సియా అను పరాన్నజీవి తనంత తానుగా వెంటాడుచున్నది. తొందరపడి మందుకొట్టిన తోటలలో మొదట చచ్చునది ఆ మిత్రుడే. కాఫీ పురుగునకు మాత్రము ఆఫ్రికా కందిరీగలను తెచ్చి విడిచినను, బవేరియా శిలీంధ్రమును చల్లినను, అవి తోడుగా నిలుచునే కాని పని పూర్తి చేయజాలవు.

పని పూర్తి చేయునది చేయి. కోత ముగిసినపిమ్మట కొమ్మపై విడిచిన కాయను, నేలరాలిన కాయను ఒక్కటి మిగులకుండ ఏఱివేసినచో, మరుసటి పూతవఱకు పురుగునకు దాగుటకు చోటుండదు. గూడలూరు మొదలు కొలంబియావఱకు ముప్పదియేండ్ల అనుభవము చెప్పునది ఇదియే. కాని నవంబరునుండి ఫిబ్రవరివఱకు పండు కోసి, పల్పింగు చేసి, పార్చ్‌మెంటు ఎండబెట్టి అలసిన గిరిజన స్త్రీ, ఆకుల అడుగున వంగి, గంటకు దోసెడైనను దొరకని పనికిరాని కాయను ఏల ఏరవలెను? ఆ శ్రమకు నేడు ధర లేదు. పెద్ద ఎస్టేటు కూలి ఇచ్చి చేయించుకొనును. ఎకరము గల కుటుంబమునకు కూలియు తానే, యజమానియు తానే. ఒక తోట శుభ్రముగ నుండి ప్రక్కతోట విడిచిపెట్టినచో ప్రయోజనము శూన్యము గనుక, ఇది ఒక్కొక్కరి ఓపికకు వదలదగిన విషయము కాదు. గిరిజన సహకార సంస్థ మంచి గింజను కొనునట్లే, కోత తరువాత ఏఱిన రాలుకాయను సైతము కిలోకింత అని ధర కట్టి కొని, సంతలోనే మరుగునీట ముంచి నాశనము చేయవచ్చును. పూడ్చిన పంటకు పరిహారమిచ్చుట కన్న ఇది చౌక. ఫిబ్రవరిలో కోత ముగిసి, మార్చిలో పూతజల్లు పడులోపల ఆరేడు వారముల వ్యవధి యుండును. ధర ప్రకటింపవలసినది ఆ వారములకు ముందే.